నల్ల తలల గుండుసూదులు

వదినకు అన్నిటికన్నా ఎక్కువ భయం గుండుసూది. పాము కాదు, దొంగ కాదు, కరెంటు తీగ కాదు. నేల మీద ఏ మూలనో పడి ఉండి, పాకే బిడ్డ వేళ్ళకు దొరికి, వేళ్ళ నుంచి నోట్లోకి, నోట్లో నుంచి గొంతులోకి జారిపోయే ఒకే ఒక్క గుండుసూది. కళ్ళు మూసుకుంటే అదే కనిపించేది. కళ్ళు తెరిస్తే దాన్నే వెతికేది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆ ఇంట్లో వదినా ఆమె మొగుడూ, పాకే పాపతో పాటు ఆడపడుచు కూడా ఉండేది. ఎండ బాగా పడే ముందుగది ఆడపడుచుది. గది నిండా గుడ్డలు, కత్తెరలు, సూదులు. ఆమెను ఇంటిల్లిపాదీ కాటుక అని పిలిచేవారు. చిన్నప్పుడు రంగుపెన్సిళ్ళ డబ్బా కొనిస్తే మిగతా రంగులన్నీ చెక్కకుండా అలాగే ఉండి, నల్లది మాత్రం గోరంత మిగిలేదట. అది చూసి అన్న పెట్టిన పేరు, అలాగే అతుక్కుపోయింది.

కాటుక కుట్టేవి మామూలు బట్టలు కావు. నేలను ఊడ్చేంత పొడుగు నల్ల గౌన్లు, మెడ వెనక రెక్కల్లా లేచి నిలబడే కాలర్లు, మోచేతుల దాకా వచ్చే లేసు గ్లవ్స్, ముఖాన్ని సగం దాచే వల ఉన్న బుల్లి టోపీలు. మెడను అంటిపెట్టుకుని ఉండే వెల్వెట్ పట్టీలు, వాటికి వేలాడే బుల్లి స్టీలు గబ్బిలాలు, నెలవంకలు, మట్టితో చేసిన నల్ల గులాబీలు.

"దీన్ని గోథిక్ అంటారు వదినా," అని మొదట్లోనే చెప్పింది. "పాతకాలం రాతి కట్టడాలు బొమ్మల్లో చూశావా? ఆకాశంలోకి పొడుచుకుపోయే శిఖరాలు, పైన మొన తేలిన కిటికీలు, లోపలంతా నీడ. ఆ నీడను తెచ్చి ఒంటికి చుట్టుకున్నట్టు ఉండాలి."

"మనం మాత్రం దయ్యాల కొట్టు అందాం. నోరు తిరగడం తేలిక," అన్నాడు అన్న, చేతిలో పేపరు దించకుండానే.

"దయ్యాలు నయం అన్నయ్యా. ఊరికే కూర్చుని వ్యాఖ్యానాలు చెయ్యవు."

వదిన చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. వాళ్ళమ్మ మంచాన పడితే చెల్లెళ్ళను చూసుకోవడానికి బడి మానేసింది, మళ్ళీ వెళ్ళనే లేదు. తనకేమీ రాదన్న సంగతి ఎవరూ అనకుండానే గుర్తు చేసుకునే మనిషి. అందుకే కాటుక పని చేస్తుంటే గుమ్మంలోనే నిలబడి, చంకలో పాపతో, నోరు తెరుచుకుని చూసేది. బడిలో ఉన్నప్పుడు చూడాల్సిన వింతలన్నీ ఇప్పుడు చూస్తున్నట్టు ఉండేది ఆమెకు.

నలుపంటే ఒకటే నలుపు అనుకునేది. కాటుక ఒకరోజు కిటికీ పక్కన గుడ్డముక్కలు వరసగా పరిచింది. ఎండ పడగానే ఒకటి నీలం వైపు మొగ్గింది, ఒకటి ఎరుపులోకి దిగింది, ఇంకొకటి పాచి పట్టిన గోడలా పచ్చబారింది. "వీటిలో ఏ రెండు నలుపులకూ పొసగదు వదినా. పక్కపక్కన వేశామంటే తోడికోడళ్ళలా ఒకదాన్నొకటి బయట పెట్టుకుంటాయి," అంది కాటుక. వెల్వెట్ నూగు ఏ వైపు పడుకుని ఉందో అరచేత్తో నిమిరి చెప్పేది. గౌనులో ఒక్క ముక్క నూగు ఎదురు తిరిగినా, ఆ ముక్క వేరే గుడ్డలా వెలవెలబోతుందట. నల్లగుడ్డ మీద గీతలు గీయడానికి అరిగిపోయిన సబ్బుముక్కలు దాచుకునేది. నడుముపట్టీ నిటారుగా నిలబడడానికి, వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలను కత్తిరించి, కొసలు కొవ్వొత్తి సెగకు చూపించి గుండ్రం చేసి, కుట్ల సందుల్లోకి తోసేది. పల్చని నైలాను గుడ్డను ఈకల్లా కోసి అంచులు అదే సెగకు పెడితే, అవి ముడుచుకుని ఇప్పుడే ఏ కాకో రాల్చినట్టు తయారయ్యేవి. మట్టి గులాబీలకు నల్లరంగు వేసి, ఆరాక, వేలికొసకు వెండిరంగు ముట్టించుకుని రేకుల అంచులను మాత్రం తాకీ తాకనట్టు రుద్దేది. అంతే, ఎన్నో ఏళ్ళు పెట్టెలో దాచిన నగల్లా మారిపోయేవి.

ఒకసారి గుండ్రటి పావడా కోయడానికి వంపు గీస్తుంటే వదిన ఉండబట్టలేక, "దారం ఒక కొస నొక్కి పట్టుకుని, రెండో కొసకు సబ్బు కట్టి తిప్పితే పోలా?" అంది. బడిలో ఆమెకు ఇష్టమైన వస్తువు వృత్తలేఖిని ఒక్కటే. కాటుక దారం ఆమె చేతికే ఇచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎన్ని గుండ్రటి పావడాలు కోసినా వంపు గీసేది వదినే. మొగుడితో చెప్పుకుంటే నవ్వుతాడేమోనని చెప్పలేదు గానీ, ఆ పావడా వేసుకుని ఎవరో ఎక్కడో తిరుగుతున్నారన్న ఊహ వస్తే ఆమెకు తన చేతుల మీదే ముద్దొచ్చేది.

అంత ఇష్టం ఒకపక్క. రెండోపక్క గుండుసూదులు.

వాటి తలలు కూడా నల్లవే. నల్లగుడ్డలో నల్లతల గుండుసూది పడితే బ్రహ్మదేవుడికి కూడా కనిపించదు. "ఎర్రవో పచ్చవో కొనుక్కోరాదూ," అని వదిన చాలాసార్లు బతిమాలింది.

"కొన్నా వదినా ఒకసారి. గౌను నిండా అక్షింతలు చల్లినట్టు ఉంది. నాకు గౌను కనపడ్డం మానేసి చుక్కలు కనపడ్డం మొదలైంది. నీడ ఎలా పడుతుందో తెలియకపోతే నేనేం కుడతాను?"

దాంతో కాటుక కుడుతూ పోయేది, వదిన వెనకాలే అయస్కాంతం పట్టుకుని నేలంతా తుడుస్తూ పోయేది. అయస్కాంతం మీద నమ్మకం చాలక మళ్ళీ అరచేత్తో నిమిరేది. దానిమీదా నమ్మకం చాలక చెంప నేలకు ఆనించి, వెలుతురు పడే వైపుకు అడ్డంగా చూసేది.

ఉండబట్టలేక ఒకరోజు మొగుడితో అంది. "ఈ కుట్టుపని ఇంకెక్కడైనా పెట్టుకోమని చెప్పండి మీ చెల్లెలికి."

"నువ్వే చెప్పు. మీరిద్దరూ ఒక జట్టు, మధ్యలో నేనెవర్ని?"

వదిన చెప్పలేకపోయింది. కాన్పు అయ్యాక ఆమె లేవలేని రోజుల్లో పాప గుడ్డలు ఉతికింది కాటుకే. ఏడుపు ఆపని పాపను భుజాన వేసుకుని, నల్ల శాలువా కప్పి, గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది కాటుకే. అలాంటి పిల్లను పొమ్మంటే నోరు పడిపోదూ? పైగా పోయి ఎక్కడ కుట్టుకుంటుంది, అంత ఎండ పడే గది అద్దెకు ఎక్కడ దొరుకుతుంది? పొమ్మంటే ఆ పిల్ల పని ఆగిపోతుంది. ఉండమంటే తన పిల్లకు ఏమవుతుందో తెలియదు. ఆ రెండిటి మధ్య వదిన నలిగిపోతూ, నేల తుడుస్తూ రోజులు గడిపింది.

అప్పుడొచ్చింది వయొలిన్ వాయించే ఆవిడ గౌను పని. మొదటిసారి వేదిక ఎక్కి ఒంటరిగా వాయించబోతోంది. అందరూ వేసుకునే నల్లబట్టలు వద్దు, తనది మాత్రమే అయిన నలుపు కావాలంది. కాటుక దగ్గర గౌను తొడిగి చూసుకునే బొమ్మ లేదు. వదినే బొమ్మ. ఆవిడ కొలతలూ వదిన కొలతలూ ఇంచుమించు ఒకటే.

"ఊపిరి వదులు వదినా. ఇంకా. ఇంకా."

"ఇంకా వదిలితే పోతా."

"పోతే గౌను నీకే కట్టి పంపిస్తాలే, ఖర్చు నాది," అంది కాటుక, వెనక నాడాలు బిగిస్తూ.

పాప లోపలి గదిలో నిద్రపోతోంది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది వదిన. నడుముపట్టీ బిగుసుకునే కొద్దీ, కాన్పు తర్వాత వంగిపోయిన ఆమె వీపు ఒక్కో పూస లేచి నిలబడింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. తన పొడుగు ఇంతా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. కాటుక నేల మీద కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, కింద అంచు మడతకు ఒక్కొక్కటే గుచ్చుకుంటూ చుట్టూ జరుగుతోంది. ఎదురుగా నిలువుటద్దం.

ఆ అద్దంలోనే కనిపించింది వదినకు. తలుపు ఎప్పుడు తోసుకుందో, ఎప్పుడు పాకి వచ్చిందో, పాప బల్ల కింద హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన కాటుక చిల్లర సామాను పెట్టుకునే పళ్ళెం బోర్లా పడి ఉంది. వేళ్ళ మధ్య ఏదో తళుక్కుమంది. చెయ్యి నోటి దగ్గరకు వెళ్ళింది.

వదిన వంగబోయింది. నడుము వంగలేదు.

ప్రతిరోజూ, ప్రతి నిమిషం వంగి ఉండే మనిషి, వంగాల్సిన ఆ ఒక్క క్షణంలో స్తంభంలా నిలబడిపోయింది. కాటుకకు అరుద్దామంటే నోటి నిండా సూదులు. వదిన కొయ్యలా మోకాళ్ళ మీద పడింది. పక్కకుట్టు పర్రున చిరిగింది, అంచు సూదులు కాళ్ళలోకి దిగాయి. పాపను లాక్కుని నోట్లో వేలు పెట్టి కలియతిప్పింది. ఖాళీ. పాప ఒకసారి వెక్కి, గుటక వేసి, అమ్మను చూసి బోసినోటితో నవ్వింది.

"ఏం మింగింది?" సూదులు అరచేతిలోకి ఉమ్మేసి అడిగింది కాటుక.

"తెలీదు. తెలీదే తల్లీ."

ఆసుపత్రి రెండు వీధుల అవతలే. బట్టలు మార్చుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. నేలను ఊడ్చే నల్ల గౌను, రెక్కల కాలరు, ఒకపక్క చిరిగి వేలాడుతున్న లైనింగు, కింద అంచంతా సూదులు. చంకలో పసుపురంగు చొక్కా వేసుకున్న పాప. వదిన అలాగే పరుగెత్తింది. కాటుక గౌను తోక ఎత్తి పట్టుకుని వెనక పరుగెత్తింది. రోడ్డు మీద కారులు వాటంతట అవే ఆగాయి.

ఎక్స్‌రే తీశాక బయట బల్ల మీద కూర్చోమన్నారు. పక్కన కూర్చున్న పెద్దావిడ చాలాసేపు చూసి, చెయ్యి మీద చెయ్యి వేసి, "ఎవరు పోయారమ్మా?" అంది మెల్లిగా.

"ఎవరూ పోలేదండీ," అని చెప్పి వదిన ఏడ్చేసింది. ఆవిడ ఇంకా కంగారుపడి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

చేతికి కట్టు వేయించుకున్న కాలేజీ పిల్ల ఒకతె అటూ ఇటూ తిరిగి, చివరికి ధైర్యం చేసి దగ్గరకొచ్చింది. "ఆంటీ, ఏమీ అనుకోకండి. మీకిప్పుడు కష్టంగా ఉందని తెలుస్తోంది. కానీ ఇది ఎక్కడ కుట్టించారు?"

కాటుక నేల మీద కూర్చుని, వదిన పాదాల చుట్టూ గౌను అంచు నుంచి సూదులు ఒక్కొక్కటే పీకి తన చేతిసంచీ పట్టీకి గుచ్చుకుంటోంది. ఒక్కో సూదిని రెండుసార్లు, మూడుసార్లు గుచ్చితే గానీ పట్టీలో దిగడం లేదు. దారంతో చీమకు కూడా చొక్కా కుట్టగల చేతులు అవి.

డాక్టరు పిలిచాడు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. బుల్లి బుల్లి పక్కటెముకలు, వాటి కింద, పొట్ట మధ్యలో, రెక్కలు చాపుకుని ఒక గబ్బిలం.

"ఇన్నేళ్ళలో నాణేలు చూశాను, గుండీలు చూశాను," అన్నాడాయన. "దీన్ని మాత్రం ఇదే చూడడం. సూది లాంటిదేమీ లేదమ్మా, నిశ్చింతగా ఉండండి. ఈ రెక్కల చివర్లే పదునుగా ఉంటాయేమో అని నా అనుమానం."

"పదును లేదు డాక్టర్ గారూ," అంది కాటుక. "ఒక్కోదాని రెక్కలు ఆకురాయితో అరగదీస్తాను. మెడ దగ్గర ఉండే వస్తువు కదా, వేసుకున్న వాళ్ళకు గుచ్చుకోకూడదని. ఆనక నా పెదవి మీద రాసి చూసుకుంటాను. స్టీలుదే, పైపూత లేదు. పూత ఉన్నవైతే కొందరికి దద్దుర్లొస్తాయి."

డాక్టరు మళ్ళీ ఎక్స్‌రే వైపు చూశాడు. "అయితే మంచిదే. దాని దారిన అది వస్తుంది. రెండు రోజులు గమనించండి. కడుపు ఉబ్బినా, వాంతులైనా వెంటనే తీసుకురండి."

వదినకు ఆ మాటల్లో సగం చెవిన పడలేదు. ఆకురాయి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఎండలో కిటికీ దగ్గర కూర్చుని కాటుక గబ్బిలాలను అరగదీస్తుంటే, ఇంత చిన్న దానికి ఇంత సేపా అని ఎన్నిసార్లు అనుకుందో. కొనేవాళ్ళు ఎవరూ గమనించని పని, అడగని పని. ఎవరో ముక్కూ ముఖం తెలియని వాళ్ళ మెడ కోసం పడిన ఆ శ్రమ తన బిడ్డ పేగులను కాచింది. డాక్టరు గదిలోనే ఆడపడుచు తల పట్టుకుని దగ్గరకు లాక్కుంది. కాలరు రెక్క కాటుక కంట్లో పొడుచుకుంది. "కాలరు గట్టిగానే నిలబడింది," అంది కాటుక, కన్ను నలుపుకుంటూ.

గబ్బిలం డాక్టరు చెప్పినట్టే దాని దారిన అది వచ్చింది. అన్న ఆ రెండు రోజులూ ఆఫీసు నుంచి ఫోను చేసి "గబ్బిలం గూటికి చేరిందా?" అని అడిగాడు. చేరిందని తెలిశాక మాత్రం టక్కున ఫోను పెట్టేశాడు.

గౌను పక్కకుట్టు చిరిగిన చోట కాటుక ఎలా కలిపిందో వదినకు ఇప్పటికీ తెలియదు. వెల్వెట్ నూగును సూదిమొనతో పక్కకు తప్పిస్తూ, కుట్టు వేసి, మళ్ళీ నూగును దాని మీదకు దువ్విందట. వేళ్ళతో వెతికినా ఆ అతుకు దొరకలేదు. వయొలిన్ ఆవిడ వచ్చి గౌను తొడుక్కుని, చెయ్యి గాలిలో ఆడించి చూసుకుంది. ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా వెల్వెట్ మీద వెలుతురు పైకి పాకి, మడతల్లో మునిగి, మళ్ళీ తేలింది. అద్దం ముందు నిలబడి, గడ్డం కొద్దిగా పైకెత్తింది. అంతే.

వదిన మాత్రం అలవాటుగా నేల వైపు చూస్తోంది.

"తలెత్తి చూడు వదినా," అంది కాటుక. "ఈ మధ్య నేను కుట్టింది నువ్వు చూసి ఎన్నాళ్ళయింది? నీ కళ్ళెప్పుడూ నేల మీదే."

వదిన తలెత్తి చూసింది. చూశాక మళ్ళీ దించబుద్ధి కాలేదు. ఆ గౌను పావడా వంపు తను గీసిందే. అంత నలుపులో అంత వెలుగు ఎక్కడ దాచిందో ఈ పిల్ల అనుకుంది.

ఆవిడ వెళ్ళాక కాటుక మెల్లిగా చెప్పింది, గది చూసుకున్నానని. బస్సులు తిరిగిపోయే చివరి స్టాపు దగ్గర ఫోటో స్టూడియో మేడ మీద. బయట నుంచి ఇనుప మెట్లు. తూర్పు వైపు పెద్ద కిటికీ.

"నిన్ను నేను పొమ్మన్నానా?" అని వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాతో అనలేదు. అన్నయ్యతో అన్నావు. మనింట్లో గోడలు పల్చన."

"ఆరోజు భయంలో అన్నాను. ఇప్పుడనడం లేదుగా. నేల నేను చూసుకుంటాను. రోజుకు పదిసార్లు తుడుస్తాను."

"అందుకే వెళ్తున్నా. నా పని చూసి మురిసిపోయే మనిషివి నువ్వొక్కదానివే వదినా. నీ చేత నేల తుడిపించడానికా నేను కుట్టేది? గబ్బిలం కాబట్టి సరిపోయింది. ఆ పళ్ళెం పక్క గిన్నెలోనే సూదులున్నాయి."

కోరుకున్నది దక్కిన మనిషి ఇంతలా ఏడవడం చూసి అన్నకు ఏమీ అర్థం కాలేదు. పెట్టెలు మోసి, మిషను మోసి, మెట్లెక్కి దిగి వచ్చి, "దయ్యాల కొట్టు మేడెక్కింది," అని నవ్వబోయి, నవ్వలేక ఊరుకున్నాడు.

ఇప్పుడు ముందుగదిలో పాప నడుస్తోంది. నేల నున్నగా ఉంది. గుండుసూది భయం పోయింది. ఖాళీ అయిన చోటు ఊరికే ఉంటుందా, అందులోకి కాటుక వచ్చి కూర్చుంది. ఫోనులో "తిన్నావా?" అంటే "తిన్నా వదినా," అంటుంది. మిషను చప్పుడు ఆగదు. పనిలో పడితే ఆ పిల్లకు ఆకలి తెలియదని, కొవ్వొత్తి వెలిగించి మరిచిపోతుందని, ఇస్త్రీపెట్టె ఆపిందో లేదో రెండోసారి చూడదని వదినకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? వెళ్ళి చూద్దామంటే చంకలో పాప ఉంటుంది, పైకి రానివ్వదు. పాపను తీసుకుని వచ్చారని తెలియగానే, చేతులు దులుపుకుని, సూదులేమైనా అంటుకున్నాయేమోనని చొక్కా అంచులు తడుముకుని, తనే మెట్లు దిగి కింద ఫుట్‌పాత్ మీదకు వస్తుంది. అక్కడే పాపను ఎత్తుకుని ముద్దాడి, అక్కడి నుంచే పంపేస్తుంది. చిక్కినట్టుంది. నల్లబట్టల్లో మనిషి చిక్కిందీ లేనిదీ తెలిసి చావదు.

అందుకని ఇది చదివిన వాళ్ళకు వదిన తరఫున ఒక మాట. చివరి స్టాపు దగ్గర, ఫోటో స్టూడియో మేడ మీద కిటికీలో నల్ల కాలర్లు వేలాడుతూ కనిపిస్తే, మెడపట్టీ కొనే వంకనైనా ఒకసారి ఆ ఇనుప మెట్లెక్కండి. లోపలికి రమ్మంటుంది, బయటివాళ్ళను రానిస్తుంది. ఎంగిలి కంచం ఏదైనా ఉందో లేదో చూడండి. కొవ్వొత్తి గుడ్డలకు దూరంగా ఉందా, ఇస్త్రీపెట్టె ఆర్పి ఉందా చూడండి. ముఖం కిటికీ వైపు తిప్పమని, వెలుతురులో ఒక్కసారి సరిగ్గా చూడండి. తిన్నావా అని మాత్రం అడక్కండి, తిన్నాననే అంటుంది. ఏం తిన్నావని అడగండి.